ఇచ్చట టేపు బుస అమ్మబడును

ఈ మధ్య 'లోఫై' అన్న మాట వింటే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది. మా టీములో పదకొండు మందిమి ఉంటే అందులో ఏడుగురు చెవుల్లో అవి పెట్టుకునే కోడ్ రాస్తారు. అదే నత్తనడక డ్రమ్ము, అదే మెత్తటి పియానో, వెనకాల గ్రామఫోను రికార్డు మీద గీతలు పడ్డట్టు చిటపటలు, ఆ పైన వాన. "ఏం వింటున్నావ్ బాబూ?" అంటే "లోఫై అన్నా, ఫోకస్ కోసం" అంటారు. వినడానికి కాదట, ఫోకస్ కోసమట! అగరొత్తి లాగన్నమాట. వెలిగించి ఓ మూల పెడితే దాని పాటికి అది పొగలు వదులుతూ ఉంటుంది.

మన తెలుగువాళ్ళం ఇంకో అడుగు ముందుకే వేశాం లెండి. ఎనభైల్లోనో తొంభైల్లోనో వచ్చిన సినిమా పాట ఒకటి తీసుకోవడం, దాన్ని కాస్త నిదానం చెయ్యడం, బావిలో కూర్చుని పాడుతున్నట్టు రివర్బ్ కలపడం, పైన వాన చప్పుడు చల్లడం, 'లోఫై వెర్షన్' అని యూట్యూబ్‌లో పెట్టడం. మద్రాసులో పెద్ద స్టూడియోలో వయొలిన్ల దండు కూర్చుని ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాయించిన పాట అది మహాప్రభో! అందులో లో ఏవిటి, ఫై ఏవిటి?

ఆ చిటపటలు ఎక్కణ్ణుంచి వస్తాయో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. ప్లగిన్. దుమ్ముకి ఒక నాబ్, గీతలకి ఒక నాబ్, రికార్డు ఏ దశాబ్దంలో పుట్టినట్టు వినిపించాలో దానికింకో నాబ్. ఐజోటోప్ వాళ్ళు 'వినైల్' అనేదాన్ని ఏళ్ళ తరబడి ఉచితంగానే ఇస్తూ వచ్చారు, మిగతావాళ్ళు డాలర్లు పుచ్చుకుని అమ్ముతారు. అంటే ఏ దరిద్రాన్ని వదిలించుకోవడానికి పాతతరం ఇంజనీర్లు ముప్ఫై ఏళ్ళు కష్టపడ్డారో ఆ దరిద్రాన్నే మనం ఇప్పుడు క్రెడిట్ కార్డు పెట్టి కొనుక్కుంటున్నాం. మట్టికుండలో నీళ్ళు చల్లగా ఉంటాయని ఎవరో చెబితే విని, ఫ్రిజ్జుకి ఎర్రమట్టి పూసినట్టుంది. కుండలో నీళ్ళు చల్లబడేది మట్టి రంగు వల్ల కాదు కదా! కుండకి సన్నటి రంధ్రాలుంటాయి, నీళ్ళు ఊరుతాయి, ఆవిరవుతాయి, ఆ ఆవిరయ్యేటప్పుడు వేడి పోతుంది. లోపం అనుకున్నదే పని చేస్తోందక్కడ. లోఫై కూడా అంతే. బుస కాదు ముఖ్యం, ఆ బుస ఏ పని జరిగితే మిగిలిందో ఆ పని ముఖ్యం.

అసలా మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. న్యూజెర్సీలో డబ్ల్యూ ఎఫ్ ఎం యూ అని ఒక రేడియో స్టేషనుంది. అక్కడ 1986లో విలియం బెర్గర్ అనే ఆయన, జనం ఇళ్ళల్లో రికార్డు చేసుకుని పంపిన పాటల కోసం ఓ అరగంట కేటాయించి దానికి 'లో-ఫై' అని పేరు పెట్టాడు. ఇంట్లో చేసినవి. ఒక్క షరతు అదే. వాన లేదు, కిటికీ పక్కన కూర్చుని రాసుకునే పిల్ల బొమ్మా లేదు. పడగ్గదిలోనో, గరాజ్‌లోనో, అమ్మానాన్నల ఇంటి బేస్‌మెంట్‌లోనో ఒక మనిషి, ఎవరి పర్మిషనూ లేకుండా, చేతికి దొరికిన మెషీను మీద తన పాట తను పట్టుకోవడం.

దీన్ని పాడుచేసేవాళ్ళు రెండు రకాలు. మొదటి రకం పైన చెప్పిన దుమ్ము వ్యాపారులు. వాళ్ళ వల్ల పెద్ద నష్టం లేదు, చిరాకే. అసలు నష్టం రెండో రకంతో. "బావుంది, కానీ ఇది డెమో కదా" అనేవాళ్ళు.

మనకి ఈ జబ్బు ఇంకాస్త ఎక్కువ. పొద్దున లేస్తే ప్రోటోటైపు, స్టేజింగు, ప్రొడక్షను అనుకునే బతుకులు కదా. ప్రోటోటైపు అంటే పారేసేది, ప్రొడక్షన్ అంటే అసలుది. ఆ లెక్కనే పాటకీ వర్తింపజేస్తాం. ఫోనులో పాడింది ప్రోటోటైపు, స్టూడియోలో పాడింది ప్రొడక్షను. ఇంత తప్పు పోలిక ఇంకోటి లేదని నా వాదన.

నా స్నేహితుడొకడున్నాడు, కాలేజీలో నా బ్యాచే. సపోర్ట్ ప్రాజెక్టు, రాత్రి షిఫ్టు. కొండాపూర్లో ముగ్గురు కలిసి ఉండే గది. షిఫ్టు అయ్యి మూడింటికి గదికొచ్చి, నిద్ర పట్టక, గిటారు తీసి పాటలు కట్టేవాడు. మిగతా ఇద్దరూ పడుకుని ఉంటారు కాబట్టి గొంతు బాగా తగ్గించి, దాదాపు గుసగుసగా పాడి ఫోనులో రికార్డు చేసుకునేవాడు. అందులో ఒక పాట ఉంది, ఎప్పుడో ఊళ్ళో అమ్మేసిన ఇంటి గురించి. సీలింగ్ ఫ్యాను తిరుగుతూ తిప్పుకోసారి టిక్కుమంటుంది. వీడి గిటారు తెలీకుండానే ఆ టిక్కుకి ఒదిగిపోయింది. మధ్యలో ఎవరో దగ్గుతారు, వీడు ఒక్క క్షణం ఆగి, ఇంకా తగ్గించి పాడతాడు. నేను విన్న తెలుగు పాటల్లో మంచివి పది ఏరమంటే అది తప్పకుండా ఉంటుంది.

వీడు దాన్ని హైదరాబాదులో ఒక స్టూడియోకి (పేరెందుకు లెండి) పట్టుకెళ్ళాడు. వాళ్ళు విని, "డెమో బావుంది తమ్ముడూ, ఇప్పుడు అసలు పాట చేద్దాం" అన్నారు. క్లిక్ ట్రాక్ పెట్టారు. "ఓపెన్‌గా పాడండి, గొంతు లోపలే ఉండిపోతోంది" అన్నారు. శ్రుతి సరిచేశారు. ఫ్లూటు పెట్టారు (ఎప్పుడూ ఫ్లూటే, ఎందుకో!). రెండో చరణానికి ముందు డ్రమ్ములు పేలాయి. నలభై అయిదు వేలు తీసుకున్నారు. తిరిగొచ్చిన దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే దాని దరిద్రం. ఏ ఎఫ్ఎమ్ లోనైనా ఏ రెండు పాటల మధ్యైనా పెట్టొచ్చు, ఎవరూ తలెత్తి చూడరు. మావాడు అది విని, తన పాటలోనే ఏమీ లేదని తేల్చుకున్నాడు. ఎనిమిది నెలలైంది, గిటారు బీరువా మీదుంది.

ఇక్కడ జరిగింది సాంకేతికంగా చూద్దాం. గొంతు పైకెత్తే వీల్లేదు కాబట్టి ఆ పాట స్వరం నాలుగైదు మెట్ల మధ్యే తిరుగుతుంది. పల్లవి పైకి లేవదు, లేవబోయి ఆగిపోతుంది. అమ్మేసిన ఇంటి గురించి పాడేవాడు గొంతెత్తడు. అంటే ఆ గదీ, ఆ మూడు గంటల సమయం, ఆ పడుకున్న మనుషులు పాట చుట్టూ ఉన్న చెత్త కాదు, పాటని కట్టిన చేతుల్లో అవీ ఉన్నాయి. స్టూడియో వాళ్ళు ఆ మూడింటినీ నాయిస్ అనుకుని తీసేశారు. మిగిలింది స్వరాలూ మాటలూ.

ఇదేదో నా స్నేహితుడి మీద ప్రేమతో చెబుతున్నా అనుకునేవాళ్ళు 1982కి రండి. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. అప్పటికే పెద్ద స్టారు, అంతకు ముందు 1980లో వచ్చిన 'ద రివర్' అమెరికాలో నంబర్ వన్. డబ్బుకి లోటు లేదు, స్టూడియోకి లోటు లేదు, ఈ స్ట్రీట్ బ్యాండ్ లాంటి వాద్యబృందం పిలిస్తే పలుకుతుంది. ఆ ఏడాది జనవరిలో న్యూజెర్సీలో కోల్ట్స్ నెక్ అనే ఊళ్ళో అద్దె ఇంటి పడగ్గదిలో కూర్చుని, టియాక్ 144 పోర్టాస్టూడియో మీద, రెండు మైకులతో, బ్యాండుకి వినిపించడానికని కొన్ని పాటలు పాడుకున్నాడు. ఆ మిక్స్ దించింది ఒక పానసోనిక్ టేప్‌రికార్డర్ మీదకి. ఆ క్యాసెట్టుని డబ్బా కూడా లేకుండా ప్యాంటు జేబులో వేసుకు తిరిగాడు. తర్వాత బ్యాండుతో స్టూడియోలో వాటినే మళ్ళీ చేశారు. కుదర్లేదు. వాయించడం చేతకాక కాదు, అంతకంటే బాగా వాయించేవాళ్ళు దొరకరు. పాట పోయింది, అంతే. చివరికి ఆ జేబులో క్యాసెట్టునే ఆల్బమ్‌గా వేశారు, సెప్టెంబరు 1982లో, 'నెబ్రాస్కా' పేరుతో. ఆ టేపు నుంచి ఎల్పీ రికార్డుకి ఎక్కించలేక ఇంజనీర్లు నానా తంటాలూ పడ్డారు.

ఇందులో నాకు బాగా నచ్చే మెలిక ఒకటుంది. 'బార్న్ ఇన్ ద యూఎస్ఏ' పాట కూడా ముందు ఈ పడగ్గది పాటల్లో ఒకటే. అది మాత్రం బ్యాండు చేతిలో పడి బతికింది, 1984లో స్టేడియంలు దద్దరిల్లేలా వచ్చింది. అంటే ఆయన సిద్ధాంతం పట్టుకు వేలాడలేదు. ఒక్కో పాట ఎక్కడ బతుకుతుందో విని తేల్చాడు. 2025లో ఆ బ్యాండు రికార్డింగులు కూడా పెట్టెలోంచి తీసి విడుదల చేశారు, కాబట్టి నా మాట నమ్మక్కర్లేదు, రెండూ పక్కపక్కన పెట్టి వినండి.

ఇంతకీ ఈ పోర్టాస్టూడియో అంటే ఏవిటి? 1979లో వచ్చింది. మనం వాడిన మామూలు క్యాసెట్టే పడుతుంది, కాకపోతే రెట్టింపు వేగంతో తిరుగుతుంది, రెండోవైపు అనేది ఉండదు, టేపు వెడల్పంతా నాలుగు ట్రాకులకి సరిపోతుంది. నాలుగే. ఐదోది కావాలంటే? మొదటి మూడింట్లో గిటారు, బేసు, డ్రమ్ములు ఎక్కించి, ఆ మూడింటినీ కలిపి నాలుగోదాని మీదకి దించాలి. దీన్ని బౌన్సింగ్ అంటారు. ఇప్పుడు మొదటి మూడూ చెరిపేసుకుని మళ్ళీ వాడుకోవచ్చు. కానీ డ్రమ్ము కాస్త ఎక్కువైందని తర్వాత అనిపిస్తే? అయిపోయింది. అన్‌డూ లేదు, బ్రాంచి లేదు, రోల్‌బ్యాక్ లేదు. దించిన ప్రతిసారీ బుస ఇంకాస్త పెరుగుతుంది. అందుకని ఆ మనిషి ముందే తేల్చుకోవాలి, ఈ పాటలో ఏది ముఖ్యం, ఏది లేకపోయినా ఫరవాలేదు అని. మనకి ఇప్పుడు ల్యాప్‌టాపులో రెండొందల ట్రాకులున్నాయి, తేల్చుకోవాల్సిన పనే లేదు, అందుకే తేల్చుకోం. అరవై ఫైళ్ళు, 'ఫైనల్', 'ఫైనల్ 2', 'రియల్లీ ఫైనల్'.

చిటపటల పాటలకి తాతలైన హిప్‌హాప్ వాళ్ళదీ ఇదే కథ. 1987లో ఈ-ము ఎస్పీ-1200 అనే శాంప్లర్ వచ్చింది. 12 బిట్లు, 26 కిలోహెర్ట్జ్ చిల్లర, మొత్తం జ్ఞాపకశక్తి పది సెకన్లు. పది సెకన్లలో పాట కట్టాలి! అందుకని 33 స్పీడు రికార్డుని 45లో తిప్పి, గబగబా శాంపిల్ చేసి, మెషీన్లో మళ్ళీ నిదానం చేసేవాళ్ళు. మెమరీ మిగులుతుంది, కానీ శబ్దం గరుకెక్కుతుంది. అదీ ఆ గరుకు పుట్టుక. మెమరీ ఆప్టిమైజేషన్ తాలూకు మచ్చ. పదహారు జీబీ ర్యామ్ పెట్టుకుని ఆ మచ్చని పచ్చబొట్టు పొడిపించుకునేవాణ్ణి ఏమనాలి?

సరే, 'ఇంట్లో' అనగానే ఏదో దిగులు మొహం వేసుకుని గిటారు గీకడమే అనుకోకండి. ప్రయోగాలన్నీ జరిగింది అక్కడే. జో మీక్ అని ఇంగ్లండులో ఒకాయన, మిలిటరీ సర్వీసులో రాడార్ పని నేర్చుకున్నవాడు. లండన్లో 304, హాలోవే రోడ్డు, కింద తోలు సామాన్ల కొట్టు, పైన ఆయన అద్దె ఇల్లు. అదే స్టూడియో. ఒకళ్ళు బాత్రూములో, ఒకళ్ళు మెట్ల మీద, వైర్లు గదుల్లోంచి గదుల్లోకి. 1962 జూలైలో టెల్‌స్టార్ ఉపగ్రహం ఎగిరింది, ఆ కొద్ది రోజులకే ఆయన ఆ ఇంట్లో టోర్నడోస్ అనే బృందంతో 'టెల్‌స్టార్' అనే వాద్యగీతం చేశాడు. ఆ డిసెంబరుకల్లా అది అమెరికాలో నంబర్ వన్. ఒక బ్రిటిష్ బృందానికి అమెరికా చార్టుల్లో ఆ స్థానం రావడం అదే మొదలు, బీటిల్స్ కంటే ముందు. తోలు కొట్టు పైనుంచి! 1964లో హనీకూంబ్స్ పాటకి డ్రమ్ము చాలక, బృందాన్ని చెక్కమెట్ల మీద నిలబెట్టి కాళ్ళతో తొక్కించాడు, మైకుల్ని మెట్ల కటకటాలకి సైకిలు క్లిప్పులతో బిగించి. అదీ ఇంగ్లండులో నంబర్ వన్. ఏ పెద్ద స్టూడియోలోనైనా ఆ పని చెయ్యనిచ్చేవాళ్ళా? అది డెమో అందామా ఇప్పుడు?

న్యూజిలాండ్ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. క్రైస్ట్‌చర్చ్‌లో రికార్డుల షాపులో పనిచేసే రోజర్ షెపర్డ్ 1981లో ఫ్లయింగ్ నన్ అని లేబుల్ పెట్టాడు. డునెడిన్ నుంచి క్లీన్ అనే బృందం 'టాలీ హో' అనే పాట చేస్తే రికార్డింగు ఖర్చు యాభై డాలర్లు. అది దేశం టాప్ ట్వంటీలోకి వెళ్ళింది. తర్వాతి ఈపీని క్రిస్ నాక్స్ తన టియాక్ నాలుగు ట్రాకుల టేప్ మెషీన్ మీద రికార్డు చేసిపెట్టాడు, అది టాప్ టెన్‌లోకే పోయింది. ఈ నాక్సే అలెక్ బాత్‌గేట్‌తో కలిసి టాల్ డ్వార్ఫ్స్ అని ఇద్దరి బృందం నడిపాడు. డ్రమ్మరు లేడు. చప్పట్లు, ఇంట్లో సామాన్లు, టేపు ముక్కని గుండ్రంగా అతికించి తిప్పిన లూపులు. లండన్‌కో న్యూయార్కుకో పోయి అనుమతి తెచ్చుకోవాలని వాళ్ళకి తోచనే లేదు.

ఇక డేనియల్ జాన్‌స్టన్. ఈయన గురించి రాసేటప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండాలి. టెక్సస్‌లో 1983లో చవకరకం శాన్యో టేప్‌రికార్డర్ ముందు చిన్న ఆర్గన్ వాయిస్తూ పాడి, 'హాయ్, హౌ ఆర్ యూ' అనే క్యాసెట్ చేశాడు. ఆస్టిన్‌లో మెక్‌డొనాల్డ్స్‌లో పనిచేస్తూ దారిన పోయేవాళ్ళకి తన క్యాసెట్లు పంచేవాడు. మొదట్లో క్యాసెట్ నుంచి క్యాసెట్టుకి కాపీ చేసే సదుపాయం లేక, ఎవరికైనా ఇవ్వాలంటే ఆల్బమ్ మొత్తం మళ్ళీ మొదట్నుంచీ పాడేవాడు. ఆలోచించండి, కాపీ అనే మాటే లేదు, ప్రతీదీ అసలుదే. ఆయనకి తీవ్రమైన మానసిక అనారోగ్యం ఉండేది, 2019లో పోయాడు. చాలామంది ఆయన పాటల్లోని 'అందం' ఆ జబ్బు దగ్గరే వెతుకుతారు. నాకది అసహ్యం. జబ్బు ఆయన్ని పాడనివ్వని రోజులే ఎక్కువ. ఆ పాటలు నిలబడింది స్వరం కట్టడం ఆయనకి వచ్చు కాబట్టి. టామ్ వెయిట్స్ లాంటివాళ్ళు వాటిని తిరిగి పాడింది జాలితో కాదు.

అన్నట్టు, ఆ రకం టేప్‌రికార్డర్లలో ఒక చిన్న సర్క్యూటు ఉంటుంది, ఆటోమేటిక్ లెవెల్ కంట్రోల్. గట్టిగా వాయిస్తే తనే తగ్గిస్తుంది, నిశ్శబ్దం అయితే తనే పెంచుతుంది. దాంతో ఏమవుతుందంటే, గిటారు గట్టిగా మీటగానే గొంతు కాస్త మునుగుతుంది, వాక్యం అయిపోగానే గది చప్పుడు, బుస ఉబికి పైకొస్తాయి. గది ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. మౌంటెన్ గోట్స్ అనే పేరుతో పాడే జాన్ డార్నియెల్ 2002 నాటి 'ఆల్ హెయిల్ వెస్ట్ టెక్సస్'ని దాదాపు మొత్తం ఒక పానసోనిక్ బూమ్‌బాక్స్ మీదే చేశాడు. అందులో మోటారు చక్రాల గరగర కూడా వినిపిస్తుంది. బటన్ నొక్కి, వెంటనే పాడి, బటన్ ఆపడం. పాట పుట్టిన రోజే పట్టుబడినట్టు ఉంటుంది. రాసి ఆరు నెలలు రిహార్సల్స్ చేసిన గొంతుకీ, ఇప్పుడే మొదటిసారి తన పాట తనే వింటున్నవాడి గొంతుకీ తేడా మీకు తెలుస్తుంది, ఇంగ్లీషు రాకపోయినా.

"మరి అదే డార్నియెల్ ఆ ఏడాదే స్టూడియోకి వెళ్ళిపోయాడుగా?" అని మీలో తెలిసినవాళ్ళు అడుగుతారు. వెళ్ళాడు. మంచి పాటలే చేశాడు. నేను స్టూడియోలు తగలబెట్టమనడం లేదు. నలభై వయొలిన్లు కావాల్సిన పాటకి నలభై పెట్టాల్సిందే. నేను అనేదల్లా, ఇల్లు అనేది స్టూడియోకి కింది మెట్టు కాదు, అది పక్క గది. అక్కడ పుట్టే పాటలు వేరు.

ఇంకో ఆక్షేపణ న్యాయమైనదే. "అయితే ఇంట్లో పాడిన ప్రతి చెత్తా గొప్పదేనా?" కాదు. ఎక్కువ భాగం చెత్తే. ఆర్. స్టీవీ మూర్ అని ఉన్నాడు, నాష్‌విల్లో పెద్ద పేరున్న బేస్ వాద్యకారుడి కొడుకు. స్టూడియోలన్నీ తండ్రి చేతికింద ఉన్నట్టే, అయినా ఇంట్లో కూర్చుని టేప్ మెషీన్ల మీద ఒక్కడే అన్నీ వాయించుకుని 1976లో 'ఫోనోగ్రఫీ' వేశాడు, ఆ తర్వాత నాలుగు వందల పైచిలుకు ఆల్బమ్‌లు. అన్నీ వినమని నా శత్రువుకి కూడా చెప్పను. కానీ 'ఫోనోగ్రఫీ' వినండి, ఒక మనిషి బుర్రలోకి కిటికీ తెరిచినట్టు ఉంటుంది. స్టూడియో చెత్త కూడా ఎక్కువే కదండీ? తేడా ఏమిటంటే దానికి పాలిష్ ఉంటుంది కాబట్టి చెత్తని కనిపెట్టడానికి టైము పడుతుంది. ఇంటి టేపు మొదటి ముప్ఫై సెకన్లలోనే తన బండారం బయటపెడుతుంది. బలహీనమైన పాటకి దాక్కునే చోటు ఉండదు అక్కడ.

మన సంగతి. తెలుగులో పాట అంటే సినిమా పాట. దర్శకుడు సందర్భం చెప్పాలి, ఒకరు ట్యూను కట్టాలి, ఇంకొకరు రాయాలి, వేరొకరు పాడాలి. ఆ పద్ధతిలో గొప్ప పాటలొచ్చాయి, కాదనను. ఆకాశవాణి వాళ్ళు సినిమాతో సంబంధం లేని లలితగీతాలు దశాబ్దాలపాటు వినిపించారు, అదీ స్టూడియోలోనే, ఆడిషన్ పాసైనవాళ్ళతోనే. ఈ మధ్య సొంతంగా పాటలు చేసుకునేవాళ్ళు లేకపోలేదు, కానీ వాళ్ళు కూడా వెంటనే సినిమా పాటలా వినిపించాలని తాపత్రయపడుతున్నారు, ఎలాగూ పిలుపు రావాల్సింది అక్కణ్ణుంచే కాబట్టి. ఒక మనిషి, తన గురించి, ఏ సందర్భమూ ఇవ్వకుండా, తన గదిలో తనే కట్టి తనే పాడిన తెలుగు పాట మనకి ఎన్ని గుర్తున్నాయి చెప్పండి? మన ఐటీవాళ్ళలో గిటారు కొననివాడు లేడు. నలభై వేల కీబోర్డు, పాతిక వేల కండెన్సర్ మైకు, గోడకి నల్ల స్పాంజి. చేసేదేవిటయ్యా అంటే కవర్ సాంగు! కరావొకే ట్రాకు, ఆటోట్యూను, డాబా మీద డ్రోన్ షాటు. ఇంత సరంజామాతో ఎవరో ఎప్పుడో పాడేసినదాన్ని అంతకంటే కొంచెం తక్కువగా మళ్ళీ పాడటం. జేబులో ఉన్న ఫోను ఆ పోర్టాస్టూడియో కంటే శుభ్రంగా రికార్డు చేస్తుంది, మరి దేనికోసం ఆగుతున్నట్టు?

ఫోను అన్నాను కాబట్టి ఒక ముక్క. ఎప్పుడైనా ఆఫీసు కాల్లో గిటారు వాయించి చూశారా? అవతలివాళ్ళకి మాయమైపోతుంది. మాట కానిదంతా చప్పుడే అని ఆ సాఫ్టువేరు తీర్మానించేసుకుంది. జూమ్‌లో సంగీతం వినిపించాలంటే 'ఒరిజినల్ సౌండ్' అని వేరే మీట నొక్కాలి. మనలాంటివాళ్ళే ఎవరో రాసిన కోడ్ అది, మీటింగుకి మంచిదే. కానీ అదే పని ఇప్పుడు ఒక్క క్లిక్కుతో పాత టేపులకీ ఇంటి పాటలకీ చేసేస్తున్నారు, 'క్లీన్' చేశాం అని గొప్పగా చెబుతున్నారు. మా స్నేహితుడి పాటని కూడా ఒకడు అలా క్లీన్ చేసి నాకు పంపాడు. ఫ్యాను టిక్కు పోయింది. దానికి ఒదిగి వాయించిన గిటారు మాత్రం ఉంది, గోడ తీసేశాక నిలబడ్డ నిచ్చెనలాగా. దగ్గు పోయింది, వీడు ఆగిన ఆ ఒక్క క్షణం మాత్రం ఉంది, ఎందుకాగాడో ఇక ఎవరికీ తెలీదు.

వినాలనుకునేవాళ్ళు 'నెబ్రాస్కా'తో మొదలెట్టండి, అది అందరికీ ఎక్కుతుంది. తర్వాత టాల్ డ్వార్ఫ్స్. ఆపైన గైడెడ్ బై వాయిసెస్ వాళ్ళ 'బీ థౌజండ్', 1994. ఒహాయోలో డేటన్ అనే ఊళ్ళో నాలుగో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పే రాబర్ట్ పొలార్డ్, స్నేహితులతో కలిసి గరాజుల్లో, బేస్‌మెంట్లలో చేసినది, ముప్ఫై ఆరు నిమిషాల్లో ఇరవై పాటలు. మొదటి పాటలో ఒకచోట గిటారు ఉన్నట్టుండి మాయమై మళ్ళీ వస్తుంది. మీ ఇయర్‌ఫోన్ లూజు కాదు, కంగారుపడి పీకకండి. వాళ్ళు అలాగే వదిలేశారు.